ఒకే కాంతిపుంజం, ఒక గాజు పలక

తొర్రూరులోనైనా హైదరాబాదులోనైనా ల్యాబులో రక్తపు స్లైడుకు ముందు రంగు పట్టిస్తారు. లీష్మన్ స్టెయిన్ పడితేగానీ తెల్లకణం కేంద్రకమూ మలేరియా పరాన్నజీవీ తేటగా కనబడవు. రంగు పట్టని కణం కాంతిని పెద్దగా మింగదు, కాస్త ఆలస్యం చేసి వదిలేస్తుంది. రెండు మైక్రాన్ల మందమున్న ఎర్రకణంలోంచి వచ్చిన అల, పక్కనే ప్లాస్మాలోంచి వచ్చిన అలకంటే సుమారు 120 నానోమీటర్లు వెనకబడుతుంది. కణం ఎత్తుపల్లాల లెక్కంతా ఆ వెనకబాటులోనే, అంటే ఫేజ్‌లోనే ఉంది. కెమెరాకు తెలిసేది మాత్రం వెలుగు ఎంతన్నదే.

ఫేజ్‌ను పట్టడానికి 1948లో గాబర్ ఒకే పుంజంతో హోలోగ్రఫీ కనిపెట్టాడు. అసలు బొమ్మ మీద దాని జంట బొమ్మ పడి చెడగొట్టేది. 1962లో లీత్, ఉపాట్నియెక్స్ పక్కనుంచి రెండో పుంజాన్ని తెచ్చి ఆ చిక్కు విప్పారు. అయితే చెరో దారిన వచ్చే పుంజాలకు చిన్న అదురు కూడా పడదు. బరువైన బల్లలు, ఖరీదైన అమరిక తప్పనిసరయ్యాయి.

దీనికి విరుగుడు ఆ తర్వాత రెండేళ్లకే ఒక తెలుగు ఇంటిపేరాయన చేతిలో రూపుదిద్దుకుంది. ఆయన ఎం.వి.ఆర్.కె. మూర్తి, ఇంటిపేరు మంత్రవాది. 1964లో ‘అప్లైడ్ ఆప్టిక్స్’లో ఆయన చూపించినది ఇంతే: సమాంతరమైన ముఖాలున్న ఒక గాజు పలకను లేజరు దారిలో ఏటవాలుగా పెట్టాలి. ముందు ముఖం నుంచి ఒక ప్రతి, వెనక ముఖం నుంచి ఇంకో ప్రతి వెనక్కి వస్తాయి. రెండూ కొద్దిగా పక్కకు జరిగి ఒకదానిమీద ఒకటి పడి చారలు కడతాయి. మామూలు దీపపు కాంతికి పలక మందమంత దారి తేడా ఉంటే చారలు చెదిరిపోతాయి, లేజరుకు చెదరవు. లెన్సులు పరీక్షించడానికి చేసిన ఆ పలకను నేటికీ మూర్తి పేరుతోనే పిలుస్తారు. ఇంత చిన్న వస్తువు ఇంత పని చేయడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

లెక్కతో ఫేజ్ రాబట్టే దారి వేరుగా నడిచింది. 1972లో గెర్చ్‌బర్గ్, శాక్స్‌టన్ దానికి గణన పద్ధతి ఇచ్చారు. 2006లో అల్మోరో, పెడ్రీని, ఓస్టెన్ ఒకే పుంజాన్ని వేర్వేరు దూరాల్లో ఫొటోలు తీసి పూర్తి అలను తిరిగి కట్టారు.

2012లో సింగ్, అరుణ్ ఆనంద్, లైట్‌గెబ్, జావిడి గాజు పలకను మైక్రోస్కోపుకు తగిలించారు. ఒక ప్రతిలోని కణం, రెండో ప్రతిలోని ఖాళీ జాగా మీద పడేంతగా పక్కకు జరిపితే ఆ ఖాళీ జాగానే కొలబద్ద. రెండు ప్రతులూ ఒకే పలక నుంచి వస్తాయి గనుక అదురు రెంటికీ సమానమే. రంగు వేయకుండానే ఎర్రకణం నడిమి గుంట మందం కొలతలతో సహా తెరమీదికొచ్చింది. కాకపోతే స్లైడు మీద కణాలు పలచగా పరుచుకుని ఉండాలి. గుంపుగా ఉంటే ఒకదానిమీద ఇంకొకటి పడి లెక్క తప్పుతుంది.