ఉదకము, ఉదజని

పల్నాటిసీమ పౌరుషమునకు ఎంత పేరుపొందినదో నీటియెద్దడికిని అంత పేరుపొందినది. గురజాలను తలచినంతనే మనకు నలగామరాజు, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారెంపూడి రణరంగము జ్ఞప్తికి వచ్చును. ఆ వెనుకనే శ్రీనాథుడు జ్ఞప్తికి వచ్చును. ఈ సీమలో తిరుగుచు దప్పిగొన్న ఆ మహాకవి శివుని తలమీది గంగనే తనకు విడిచిపెట్టుమని అడిగెనని పెద్దలు చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను, నీటి విలువ ఎరిగినవారి నోటనే ఇట్టి కథ పుట్టును. అట్టి సీమను తలచుకొని, నీటికి సంబంధించిన కొన్ని శాస్త్రపదముల చరిత్రను నేడు కొంత విచారింతము.

వైద్యుడు వ్రాసిన చీటీలో డీహైడ్రేషన్ అని యుండును. వంటనూనె డబ్బామీద హైడ్రోజనేటెడ్ అని యుండును. సున్నపు బస్తాను వ్యాపారి హైడ్రేటెడ్ లైమ్ అనును. కుక్కకాటు జబ్బును హైడ్రోఫోబియా అందురు. ఈ మాటలన్నిటిలోను హైడ్రో అనునది కలదు. గ్రీకు భాషలో హ్యూడోర్ అనగా నీరు. దానినుండి వచ్చినదే ఈ హైడ్రో. కాని అన్ని మాటలలోను దానికి నీరనియే అర్థము కాదు. కొన్నిట అది నీరు. కొన్నిట హైడ్రోజన్ అను వాయువు. ఒకే మాట రెండర్థములలో చెల్లుటచేత చదువరికి చిక్కు కలుగుచున్నది. ఈ చిక్కు ఎట్లు పుట్టెను? తెలుగువారు దానిని ఎట్లు విడదీసిరి?

దీనికి దృష్టాంతము గురజాల చేరువనే కలదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు బట్టీలో బాగుగా కాలినచో 44 కిలోల బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి 56 కిలోల పొడిసున్నము మిగులును. దానిపై నీరు చల్లినచో సెగలు గ్రక్కుచు పగిలి, విచ్చి, పిండియగును. ఆ 56 కిలోల సున్నము 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోలగును. మన పాఠ్యపుస్తకములు దీనిని తడిసున్నమనును. నీరు సరిగా లెక్కకు చల్లినచో ఆ తడిసున్నము చేతికి పొడిగానే తగులును! త్రాగిన నీరు తడిగా మిగులలేదు. సున్నముతో కూడి వేరొక పదార్థమైనది. వ్యాపారి దానిని హైడ్రేటెడ్ లైమ్ అన్నపుడు హైడ్రో అనగా నీరు. రసాయనికుడు దానినే కాల్షియం హైడ్రాక్సైడు అన్నపుడు హైడ్రో అనగా హైడ్రోజన్. బస్తా ఒకటే, అర్థములు రెండు.

రెండవ అర్థము పుట్టి రెండున్నర శతాబ్దములైనను నిండలేదు. 1766లో ఇంగ్లండు దేశమున హెన్రీ కావెండిష్ లోహములను ఆమ్లములలో వేసి, వెలువడిన వాయువును పట్టి పరీక్షించెను. నిప్పు తగిలినంతనే మండుటచేత దానిని మండెడు గాలి అనిరి. ఆ గాలి మండినపుడు నీరు ఏర్పడుచున్నదని తరువాత తేలెను. నీరు మూలద్రవ్యమని తరతరములుగా నమ్మిన లోకమునకు ఇది వింత. 1783లో పారిస్ నగరమున లవోయిజియే, నీరు మూలద్రవ్యము కాదనియు, రెండు వాయువుల సంయోగమనియు ప్రకటించెను. ఎఱ్ఱగా కాలిన ఇనుపగొట్టములో నీటియావిరిని పంపగా ఇనుము ఒక భాగమును పట్టుకొనెను. మండెడు గాలి బయటికి వచ్చెను. 1787లో ఆయనయు, ఆయన సహచరులును రసాయనద్రవ్యములకు క్రొత్త నామావళిని కూర్చుచు ఈ వాయువునకు నీటిని పుట్టించునది అను అర్థముతో హైడ్రోజన్ అని పేరిడిరి. 9 కిలోల నీటిలో ఒక కిలో ఈ వాయువే. ఆనాటినుండి హైడ్రో అను మాట తల్లికిని బిడ్డకును ఒకటే పేరైనది.

ఇక మన మాట ఉదజని. కొందరు జలజని అనియు వ్రాసిరి. కన్నడమువారు జలజనక అందురు. జర్మనులు వాసర్‌ష్టోఫ్ అనియు, రష్యనులు వొదొరోద్ అనియు తమతమ నీటిపేళ్లతోనే దానిని పిలిచిరి. అయినను ఉదజని అను పేరిలో ఒక విశేషము కలదు. నీరు మూలద్రవ్యము కాదని లవోయిజియే చాటిన మూడేండ్లకు, 1786లో, కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని ప్రకటించెను. ఆ మార్గమున భాషావేత్తలు పరిశోధించి సంస్కృతమున ఉదన్, గ్రీకున హ్యూడోర్, ఆంగ్లమున వాటర్, రష్యనులో వొదా అనునవి ఒకే ధాతువు సంతానమని తేల్చిరి. మన జన్ ధాతువును, హైడ్రోజన్ చివరనున్న జెన్ కూడ ఒక కుదురువే. కావున ఉదజని హైడ్రోజన్ అను మాటకు కేవలము అనువాదము కాదు. ఉద, జని అను రెండు భాగములలోను అది దాని తోబుట్టువు. నీరు అను మాట మాత్రము మనకు ద్రావిడ కుటుంబమునుండి వచ్చినది. తెలుగు, తమిళ, కన్నడములు ఒక కుటుంబమని 1816లో ఎల్లిస్ నిరూపించెను. తెలుగు బిడ్డ ఇంటిలో నీరు అని, పూజలో ఉదకమని, బడిలో ఉదజని అని పలుకుట రెండు కుటుంబముల ఆస్తి నొక్కచోట అనుభవించుటయే.

ఆ ఆస్తిని బడులకు చేర్చుటకు చాలమంది పాటుపడిరి. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను తెలుగున వెలువరించెను. ఆచంట లక్ష్మీపతిగారివంటి వైద్యులు ఆ మండలికి గ్రంథములు వ్రాసిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పుస్తకములను, పారిభాషిక పదకోశములను ప్రచురించెను. ఈ కృషివలన ఒక మేలు జరిగినది. ఆంగ్లమున కలిసిపోయిన రెండర్థములు తెలుగున విడిపోయినవి. నీటి శక్తితో తీసినది జలవిద్యుత్తు. నీటిచేత పదార్థము విడివడుట జలవిశ్లేషణము. వాయువు సంగతి వచ్చినచో ఉదజహరికామ్లము, ఉదజనీకరణము. వనస్పతి తయారీలో నూనెతో కలియునది నీరు కాదు, ఉదజని వాయువు అని ఆ చివరి మాటయే చెప్పుచున్నది. నేటి పాఠ్యపుస్తకములలో హైడ్రోజన్ అను మాటయే హెచ్చుగా కనబడును. అది తప్పని మేమనము. కాని రెండు మాటలును తెలిసిన విద్యార్థికి ఈ భేదము శ్రమ లేకుండ పట్టుబడును.

పేరు ఎంత అందమైనదైనను అది చెప్పునదెల్ల నిజమని నమ్మరాదు. నీటిలోని రెండవ వాయువు కథయే ఇందులకు సాక్ష్యము. ఆమ్లములన్నిటికిని అదియే కారణమని భావించి లవోయిజియే దానికి ఆమ్లమును పుట్టించునది అను అర్థమున ఆక్సిజన్ అని పేరిడెను. మనమును ఆమ్లజని అంటిమి. 1810లో హంఫ్రీ డేవీ, ఉదజహరికామ్లమునకు మూలమైన క్లోరిన్ మూలద్రవ్యమనియు, ఆ ఆమ్లమున ఆమ్లజని లేనేలేదనియు, ఉన్నది ఉదజని అనియు చూపెను. పొరపాటు తేలినది; పేరు మాత్రము నిలిచినది. దానిని అనువదించినపుడు ఆ పొరపాటును మన భాషలోనికి దిగుమతి చేసికొంటిమి. ప్రాణవాయువు అను మన మాటకు ఆ దోషము లేదు.

రసాయనశాస్త్రమున పేరు తప్పినచో పరీక్షలో మార్కులు పోవును. వైద్యమున తప్పినచో ప్రాణమే పోవును. జలోదరమును మన ఆయుర్వేద గ్రంథములు ఎనిమిది ఉదరరోగములలో ఒకటిగా చెప్పినవి. గ్రీకులు నీరుపట్టు రోగమును హైడ్రోప్స్ అనిరి. శిశువు మెదడులో ద్రవము నిలిచి తల పెరుగుటను హైడ్రోసెఫలస్ అందురు. వీనిలో చేరునది బావినీరు కాదు, దేహమున ఊరు ద్రవము. నీరు త్రాగుట మానినంత మాత్రమున ఈ రోగములు కుదురవు. కారణమును వెదకి చికిత్స చేయవలెను.

జలభయము మరింత ప్రమాదకరమైన పేరు. సుశ్రుతసంహిత దీనిని జలత్రాసమని వర్ణించి, అది కనబడిన రోగి బ్రదుకడని చెప్పినది. నిజమునకు రోగికి నీరన్న భయము కాదు. మ్రింగబోయినపుడు గొంతు కండరములు బిగిసి ప్రాణాంతకమైన బాధ కలుగును. ఈ పేరు రోగము చివరి దశనుబట్టి వచ్చినది. పేరు విని, నీటిని చూచి బెదరునేమోయని కనిపెట్టుకొని కూర్చున్నవారు చికిత్సకు తగిన కాలమును పోగొట్టుకొందురు. 1885 జూలై 6న పారిస్‌లో పాశ్చర్ ఒక బాలునికి టీకా మొదలిడి రక్షించినది ఏ లక్షణమును కనబడక ముందే. 1907లో మన దక్షిణదేశమున కూనూరునందు పాశ్చర్ సంస్థ వెలసినది. కుక్క కరచిన వెంటనే పారెడు నీటితో, సబ్బుతో పావుగంటసేపు గాయమును కడిగి, ఆలస్యము చేయక టీకా వేయించుకొనవలెను. నీటికి భయపడు రోగమని పేరుపొందినదానికి మొదటి మందు నీరే!

గురజాల ప్రక్కనున్న రెంటచింతల వేసవియెండకు పేరుమోసినది. అట్టి ఎండలోను, వాంతి విరేచనములలోను కలుగునది డీహైడ్రేషన్. పుస్తకములు నిర్జలీకరణమనును. ఈ మాటయు సగమే చెప్పుచున్నది. దేహమునుండి పోవునది నీరు మాత్రమే కాదు, ఉప్పులు కూడ. నీరు పోయినదని విన్న తల్లి విరేచనములతో సోలిన బిడ్డకు వట్టి నీరే పట్టినచో చాలదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వంగదేశపు బొంగావ్ శిబిరమున కలరాచే చనిపోవుచుండగా డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4 లోపునకు దిగినవి. చక్కెర తోడున్నపుడే ప్రేగులు ఉప్పును, దానితో నీటిని చక్కగా పీల్చుకొనును. పొట్లము దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్నచెంచాతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా పట్టుచు, బిడ్డను వైద్యుని యొద్దకు చేర్చవలెను. ఒంటిలో నీరును ఉప్పును తగ్గినవి అన్న తెలుగువాక్యము ఏ పారిభాషిక పదము కంటెను ఆ తల్లికి మేలు చేయును.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. శ్రీనాథుడడిగిన గంగ రాకపోయినను కృష్ణవేణి పల్నాటికి వచ్చినది. జలాశయమున నీరెంత నిలిచినను పిల్లకాలువ లేనిదే పొలము తడవదని గురజాల రైతు నెరుగనివాడు కాడు. శాస్త్రవిషయమునను అంతే. ఉదజని వంటి మాటలు బడిలో ఉండవలసినవే. అవి మన వారసత్వము. కాని ప్రాణము మీదికి వచ్చినపుడు ఇంటిలో పలుకు మాటతోనే చెప్పవలెను. మన బిడ్డలకు ఈ రెండును నేర్పుదము.