గోదావరిఖని నేలమీద తేనెటీగలు, సంఘ ఆవరణములు

గని పనిని విపులముగా వర్ణించిన బైబిలు భాగము యోబు 28వ అధ్యాయము. బొగ్గుబాయి కుటుంబముల మధ్య సేవచేయుచున్న మేము దానిని ఎన్నో మారులు బోధించాము. అయితే బాయిపైనున్న నేల, దాని చెట్లు, ఆ పూలపై బ్రతుకు ఈగలు మా ప్రసంగములలో చాలాకాలము చోటు పొందలేదు.

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించాడు. రామగుండము వంతు 1960వ దశకములో వచ్చినది. భూగర్భ గనుల కాలములో లోపలి కప్పుకు ఆనించు దుంగలకై చెట్లు నరికినను, వేరు నేలలోనే ఉండెడిది. ఓపెన్‌కాస్టు వచ్చిన తరువాత పైమట్టితో సహా ఇప్ప, మోదుగ, రేల, తునికి లేచిపోయినవి. కొన్ని ఊళ్లును లేచిపోయినవి. తవ్విపోసిన మట్టి గుట్టలమీద కంపెనీ మొక్కలు నాటించినది, నీలగిరి తోటలును పెంచినది. నీలగిరి పూవులోను తేనె ఉన్నది, కాదనము. కానీ ఒకే జాతి పూయు వారములు దాటిన తరువాత ఈగ ఎక్కడికి పోవలెను?

ఇక్కడ మా తప్పు చెప్పవలసియున్నది. సుమారు పదిహేనేండ్ల క్రితము మేము కాపరిగా ఉన్న ఒక మందిరపు గోపురమునకు పెద్ద తేనెపట్టు పట్టినది. ఈస్టరు సూర్యోదయ ఆరాధనకు ప్రజలు వచ్చెదరని భయపడి, ముందు రాత్రి మంట పెట్టించాము. తెల్లవారుసరికి ఆవరణమంతా చచ్చిన ఈగలు. స్త్రీలు చీపుళ్లతో ఊడ్చారు. బాయినుండి రిటైరైన ఒక పెద్దాయన, "అయ్యగారూ, వానలు పడితే అవే పోతుండె గదా" అన్నాడు. పునరుత్థానముపై సిద్ధపరచుకొనిన ప్రసంగము ఆ ఉదయము మా నోట సరిగా రాలేదు.

తరువాత చదువగా సిగ్గు హెచ్చినది. 1851లో తేనెపట్టుల మధ్య ఈగలు ఖాళీగా విడిచిపెట్టు సందు సుమారు 9 మిల్లీమీటర్లని గ్రహించి, పట్టు చెడకుండ తీయగల చట్రముల పెట్టెను రూపొందించిన లాంగ్‌స్ట్రాత్ అమెరికాలో సంఘ కాపరి. మన పుట్టలలో, చెట్టు తొర్రలలో కాపురముండు ఈగకు తగిన చిన్న పెట్టెను 1910 తరువాతి సంవత్సరములలో తిరుచిరాపల్లి ప్రాంతమున సిద్ధపరచినవాడు ఫాదర్ న్యూటన్ అను జెస్యూట్. పాలు తేనెలు ప్రవహించు దేశమన్నప్పుడు ఆ తేనె ఖర్జూర రసమేనని పలువురు పండితులు తలంచారు. 2007లో ఇశ్రాయేలులోని తెల్ రెహోవ్‌లో అమిహై మజార్ బృందము క్రీ.పూ. 10-9 శతాబ్దముల నాటి మట్టిగూళ్ల వరుసలను బయటపెట్టినది. కనుక ఆ దేశమున ఈగలను పెంచుటయు ఉండెను. అడవి తేనెను యోహాను తినెనని మత్తయి 3:4 చెప్పుచునే ఉన్నది.

యిర్మీయా 29:5లో చెరపట్టబడినవారికి తోటలు నాటుడని ఆజ్ఞ వచ్చినది. క్వార్టర్లలో ఉండువారు, "రిటైరయితే ఖాళీ చేసేదే, చెట్టెందుకు?" అందురు. బబులోనులోనివారిదియు సొంత ఊరు కాదు. శ్రమదినములలో మోదుగ పూయును, దాని వెంట వేప, కానుగ, తరువాత చింత. వానల చివర తంగేడు. తంగేడు విషయమై సంఘములో వాదము పుట్టినది: బతుకమ్మ పూవును మందిరావరణములో నాటవచ్చునా అని. పూవును సృజించినవాడు ఎవరో ఆదికాండము మొదటి అధ్యాయములోనే ఉన్నది గనుక నాటించాము. ఆ పూవులో తేనె లేదు, పుప్పొడియే. గండుతుమ్మెద ఝుమ్మని అదిలించి దానిని రాల్చుకొనును. యౌవనస్థులు దీనిని చూచుటకే ఆదివారము ఆలస్యముగా ఇంటికి పోవుచున్నారు.

నాటినవాటిలో సగము మేకలు తిన్నవి. కానుగలు, ఒక రేల బ్రతికినవి. ఆ మందిరమునకే మేము మరల బదిలీయై వచ్చితిమి. ఈ ఏట గోపురమునకు పట్టు తిరిగి పట్టినది. ఈస్టరు ఆరాధనను పడమటి వాకిట జరిపి, దీపములు ఆర్పివేయించాము.