లోపలి పొరకు మూడు దారులు

మన కణాల్లోని మైటోకాండ్రియాకు 1898లో ఆ పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెండా. గ్రీకులో దారం, గింజ అనే రెండు మాటలను కలిపాడు. అందులో మడతలు పడిన లోపలి పొర ఉందని తెలిసింది మాత్రం 1950ల మొదట్లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక. మనం తిన్న అన్నంలోని శక్తి చాలామట్టుకు ఏటీపీ అనే అణువుగా మారేది ఆ పొర మీదే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో గుర్తించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

మరి ఆ పొరలో పనిచేసే ప్రొటీన్లు ఎక్కడివి? మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏను 1981లో పూర్తిగా చదివారు. మొత్తం 16,569 అక్షరాలు, అందులో ప్రొటీన్లకు సరిపడా సమాచారం పదమూడింటికే. వెయ్యికి పైగా ఉన్న మిగతా ప్రొటీన్లన్నీ బయట కణద్రవంలో తయారై లోపలికి రావలసిందే. కారణం పాతది. మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. వేరే కణంలో కాపురం పెట్టాక తన జన్యువుల్లో చాలావాటిని కేంద్రకానికి అప్పగించేసింది.

ప్రొటీన్ తన విలాసాన్ని తనలోనే రాసుకుని పుడుతుందని గుంటర్ బ్లోబెల్ 1970లలో ప్రతిపాదించాడు. 1999లో ఆయనకు నోబెల్ వచ్చింది ఆ పనికే. మైటోకాండ్రియా ప్రొటీన్లు చాలావాటికి ఆ విలాసం తలభాగంలో ధనావేశమున్న చిన్న తోకలా ఉంటుంది. లోపలివైపు రుణావేశం దాన్ని లాగుతుంది. చేరాక తోక తెగిపోతుంది.

మరి లోపలి పొరలోనే ఉండాల్సిన ప్రొటీన్లు అందులోకి ఎలా చేరతాయన్నదానిపై 1980లలో పెద్ద వాదం లేచింది. బాసెల్‌లోని గాట్‌ఫ్రీడ్ షాట్జ్ బృందం, ప్రొటీన్ లోపలికి వెళ్తూ పొరలోనే ఆగిపోతుందంది. మ్యూనిక్‌లోని వాల్టర్ న్యూపర్ట్ బృందం, పూర్తిగా లోపలికి వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి పొరలో కూర్చుంటుందంది. చివరికి రెండు దారులూ ఉన్నాయని తేలింది. వాదం వ్యర్థం కాలేదనే నా అభిప్రాయం. ఒక్కో ప్రొటీన్‌నూ విడిగా పరీక్షించాల్సి వచ్చింది దానివల్లే.

లోపలినుంచి పొరలోకి ఎక్కించే యంత్రం ఓక్సా1. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బాక్టీరియాలోని యిడ్‌సీ అనే ప్రొటీన్‌కు ఇది బంధువు. జన్యువులు వలసపోయినా పాత ఇంటి గుమ్మం అలాగే నిలిచిందన్నమాట. పొరలోనే ఆగే ప్రొటీన్లకు టిమ్23 గుమ్మం ఉంది. 1996లో బయటపడ్డ మూడో గుమ్మం టిమ్22. సుబ్బారావు గారు గుర్తించిన ఏటీపీని మైటోకాండ్రియా నుంచి బయటికి చేరవేసే ప్రొటీన్ ఈ టిమ్22 గుండానే పొరలో కుదురుకుంటుంది. దానికి తలలో తోక ఉండదు. గుర్తులు ఒంట్లోనే ఉంటాయి. రెండు పొరల మధ్య నీటిలో ముద్దకట్టకుండా చిన్న టిమ్ ప్రొటీన్లు చేయిపట్టి నడిపిస్తాయి. విచిత్రమేమంటే, టిమ్23 కూడా టిమ్22 గుండానే పొరలోకి చేరుతుంది.

ఆ చిన్న సహాయకుల్లో ఒకటి చెడితే మోర్-ట్రానెబ్యార్గ్ అనే అరుదైన జబ్బు వస్తుంది. చిన్ననాడే వినికిడి పోతుంది, తర్వాత కండరాలు మెలితిరుగుతాయి. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండడంతో బాధపడేది ఎక్కువగా మగపిల్లలే. దీన్ని నయంచేసే మందు ఇంకా లేదు.