గుర్తులు చూపే దారి

1951 జనాభా లెక్కల నాటికి భారతదేశములో నూటికి 18 మందికే చదువు వచ్చును. ఆ శీతకాలములోనే మొదటి సాధారణ ఎన్నికలు జరిగినవి. గుంటూరు పల్లెలో ప్రత్తి తీసే కూలీకి అభ్యర్థి పేరు చదువవలసిన పని లేకపోయినది. అభ్యర్థికొక పెట్టె, పెట్టెపై ఒక గుర్తు. కాడి మోసే ఎడ్లజత కాంగ్రెసుది, కంకి కొడవలి కమ్యూనిస్టులది. చీటీని కోరిన పెట్టెలో వేసి వచ్చినారు.

గుంటూరు, ప్రకాశం పల్లెల నుండి నేడు వేరొక రకపు ప్రయాణికులు బయలుదేరుతున్నారు. అమెరికాలోని కూతురి పురిటికి ఒంటరిగా పోయే తల్లులు వీరు. చాలామందికి ఇంగ్లీషు రాదు. హైదరాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో బేగంపేట నుండి శంషాబాదుకు మారి ఎంతో పెద్దదైనది. అయినను అక్కడ తెలుగులో అడిగితే చెప్పేవారుంటారు. దుబాయిలోనో దోహాలోనో విమానము మారవలసి వచ్చినప్పుడే చిక్కు. సాధారణముగా విమానము కదలుటకు 20 నిమిషాల ముందే గేటు మూసివేస్తారు.

తొలినాళ్లలో విమానాశ్రయమనగా ఒక చిన్న భవనము. నిలిచిన చోటి నుండియే విమానము కనబడేది. జెట్ విమానములు వచ్చి జనము పెరిగిన తరువాత గేట్లు పదుల సంఖ్యకు చేరినవి. 1967లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు స్కిపోల్ విమానాశ్రయములో బెన్నో విస్సింగ్ అనే రూపశిల్పి రంగులను పనిలో పెట్టినాడు. విమానము వైపు నడిపించే పలకలకు పసుపు, ఇతర వసతులకు ఆకుపచ్చ. చదువురాని వానికి కూడ పసుపు పసుపే గదా!

బొమ్మలను 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో జపాను భాష తెలియని అతిథుల కొరకు విరివిగా వాడినారు. తరువాత అమెరికా రవాణా శాఖ కొరకు అక్కడి గ్రాఫిక్ కళాకారుల సంస్థ 1974లో 34 గుర్తులను, 1979లో మరి 16 గుర్తులను సిద్ధపరచినది. ఈ 50 గుర్తులను ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. అందుచేతనే అవి దేశదేశాలకు పాకినవి.

అయితే బస్సు, గ్లాసు వంటి వస్తువును బొమ్మ తేలికగా చెప్పగలదుగాని, టిక్కెట్టు కొనుట వంటి పనిని చెప్పుట కష్టమని ఆ సంస్థయే ఒప్పుకొన్నది. ఎడ్లజత సంగతి వేరు. దానిని పోలింగుకు ముందే ఊరూరా చూపి నేర్పినారు. చేయవలసిన పని కూడ ఒక్కటే. "మీ గేటు మారినది" అని చెప్పుటకు బొమ్మ ఎక్కడ దొరుకును?

అక్కడ ఆదుకొనేవి అంకెలు. మిర్చి యార్డులో బస్తాల లెక్కకు, సెల్‌ఫోనుకు వాడే అంకెలే బోర్డింగు పాసుపైన, గోడమీది తెరపైన ఉంటవి. తెరపై విమాన సంఖ్యను వెదకి, దానికెదురుగా ఉన్న గేటు సంఖ్యను చూడవలెను. పాసుపై అచ్చయిన గేటు వేరైతే తెరపై ఉన్నదే నమ్మవలెను. వేళను కూడ అక్కడి గడియారములోనే చూడవలెను. దుబాయి మనకంటె గంటన్నర వెనుక. గేటు చివరి గంటలో కూడ మారవచ్చును, విమాన సంఖ్య సాధారణముగా మారదు. కనుక తల్లి చేతికిచ్చే కాగితముపై పిల్లలు పెద్దగా వ్రాయవలసినది గేటు సంఖ్య కాదు, విమాన సంఖ్య.