రాణిగారి బజారు

బజారుకు వెళ్ళడం వేరు, కొనడానికి వెళ్ళడం వేరు. ఈ తేడా మగవాళ్ళకు ఈనాటికీ బోధపడదు. "ఏం కావాలో చీటీ రాసివ్వు, పట్టుకొచ్చి పడేస్తాను" అంటారు. చీటీలో రాయగలిగినదే అయితే మనం బజారు దాకా పోవడం ఎందుకు? నాలుగు కొట్లు తిరగాలి, పది చీరలు మడత విప్పించాలి, అంచు బాగులేదని పెదవి విరవాలి, అసలు కొనదలచిన సూదుల పొట్లం మరచిపోయి ఇల్లు చేరాలి.

పందొమ్మిదో శతాబ్దంలో యూరపు వ్యాపారులు ఈ కిటుకు పట్టేశారు. ఆడవాళ్ళు బజారులో ఎంతసేపు నిలిస్తే వ్యాపారానికి అంత మంచిదని గ్రహించి, ఏకంగా వీధికే పైకప్పు వేశారు. నెత్తిన గాజుకప్పు, రెండు పక్కలా అద్దాల కొట్లు, కాలికింద నున్నని గచ్చు. ఎండ లేదు, వాన లేదు, గుర్రపుబళ్ళ బురద లేదు. దానికి ఆర్కేడ్ అని పేరు పెట్టారు. లండనులో బర్లింగ్టన్ ఆర్కేడ్ 1819లోనే వెలిసింది. ఆ ముచ్చట సముద్రాలు దాటి ఆస్ట్రేలియా దాకా పోయింది. సిడ్నీ నగరం నడిబొడ్డున క్వీన్ విక్టోరియా బిల్డింగ్ అని ఒకటుంది. అక్కడివాళ్ళు ముద్దుగా క్యూ.వి.బి. అంటారు. ఇప్పుడు దాన్ని చూసినవాళ్ళెవరూ ఒకప్పుడు దీన్ని పడగొట్టి కార్లు నిలుపుకుందామనుకున్నారంటే నమ్మరు. నా కథ ఆ సంగతి గురించే.

ఆ చోట మొదటినుంచీ సంతే వుండేది. కూరగాయలు, గింజలు అమ్ముకునే పాత మార్కెట్టు కొట్లు తీసేసి 1893లో కొత్త భవనానికి శ్రీకారం చుట్టారు. చూడండి, ఎలాంటి సంవత్సరం ఎంచుకున్నారో! ఆ ఏడే ఆస్ట్రేలియాలో బాంకులు ఒకదాని వెనక ఒకటి తలుపులు మూశాయి. రాతిపనివాళ్ళు, గిలాబా వేసేవాళ్ళు, రంగుటద్దాలు అతికేవాళ్ళు పనుల్లేక వీధుల్లో పడ్డారు. ఇంత ఆర్భాటమైన భవనం కట్టడంలో వాళ్ళ చేతికి పని దొరుకుతుందన్న ఆలోచన కూడా వుంది. మనకిది కొత్త సంగతి కాదు. 1877-78 కరువులో మద్రాసు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ తవ్వించింది ఇలాంటి లెక్కమీదే. కరువు రోజుల్లో కాలువ తవ్వించారంటే అర్థముంది, గుమ్మటాలు కట్టించడమేమిటి అంటారేమో. శిల్పం చెక్కే చేతికి పార ఇస్తే ఏం లాభం? ఎవరి పని వాళ్ళకే ఇవ్వాలి కదా.

నగరానికి వాస్తుశిల్పి జార్జ్ మెక్రే. స్కాట్లండు నుంచి వచ్చినవాడు. ఆయన ఒకే భవనానికి నాలుగు వేషాలు గీసి కౌన్సిల్ ముందు పరిచాడట: గోథిక్, రినైజాన్స్, క్వీన్ ఆన్, రోమనెస్క్. పెళ్ళిచూపుల్లో నలుగురు అక్కచెల్లెళ్ళను వరసగా కూర్చోబెట్టినట్టుంటుంది తలుచుకుంటే. కౌన్సిల్ వారు రోమనెస్క్ ను ఎంచారు. బరువైన రాతి కమానులు, లావుపాటి స్తంభాలు, నడిమధ్య పెద్ద గుమ్మటం. ఆ గుమ్మటానికి లోపలిది గాజు, పైది రాగి రేకు. చుట్టూ మరో ఇరవై చిన్న గుమ్మటాలు. పొడుగు 190 మీటర్లు, అంటే దాదాపు ఫర్లాంగు. వెడల్పు 30 మీటర్లే. సన్నగా, పొడుగ్గా, ఒక వీధి మొత్తం ఆక్రమించి కూర్చుంది. 1898 జులై 21న మేయరు మాథ్యూ హారిస్ దాన్ని తెరిచారు. రాణి విక్టోరియా పట్టాభిషిక్తురాలై అరవై ఏళ్ళు దాటిన వేళ గనుక ఆవిడ పేరే పెట్టారు.

నేలమాళిగలో కూరగాయల మార్కెట్టు. బళ్ళను కిందికి దించడానికి నీటి వత్తిడితో నడిచే లిఫ్టులు. పైన కొట్లు: దర్జీలు, పూలవాళ్ళు, క్షురకులు, కాఫీ హోటళ్ళు, పియానోలు అమ్మేవాళ్ళు. హస్తసాముద్రికం చెప్పేవాళ్ళు కూడా వుండేవారు. (ఏ దేశమైనా బజారంటే చెయ్యి చూసేవాడు లేకపోతే వెలితే.) పాటకచ్చేరీలకు ఒక హాలు కట్టారు. అది తరవాత నగర గ్రంథాలయమైంది.

అన్నిటిలోకీ నాకు నచ్చింది టీ కొట్టు. దాని యజమాని పేరు క్వాంగ్ టార్ట్. 1850లో చైనాలో పుట్టి, తొమ్మిదేళ్ళ పిల్లవాడుగా బంగారుగనుల దగ్గరికి వచ్చినవాడు. ఒక స్కాట్లండు కుటుంబం ఇంట పెరిగి, స్కాట్లండు పాటలు ఆ యాసలోనే పాడేవాడు. ఇంగ్లీషు పిల్లను పెళ్ళాడాడు. నల్లమందు అమ్మకాలు ఆపించాలని ఊరూరా అర్జీలు తిప్పాడు. తేయాకు దిగుమతి చేసుకుని, కొనేవాళ్ళకు రుచి చూడమని ఒక కప్పు ఇవ్వడంతో ఆయన టీ గదుల వ్యాపారం మొదలైంది. 1898లో ఈ భవనంలో ఎలీట్ హాల్ అని తెరిచాడు. ఒకేసారి దాదాపు అయిదువందలమంది కూర్చోవచ్చు. లోపల వేదిక, పైన చదువుకునే గది.

అయిదువందలమంది కూర్చునే టీ కొట్టులో విశేషమేముంది అనకండి. కూర్చోవడమే విశేషం. ఆ రోజుల్లో ఇంటినుంచి బయటపడ్డ ఆడది మళ్ళీ ఇల్లు చేరేదాకా నిలబడే వుండాలి. మగవాళ్ళకు క్లబ్బులున్నాయి, సారా దుకాణాలున్నాయి. గౌరవస్థురాలు ఒంటరిగా ఎక్కడ కూర్చుంటుంది? ఈ ఇబ్బంది మనకూ తెలుసు. నిన్నమొన్నటిదాకా మన హోటళ్ళలో తెర కట్టిన "ఫామిలీ రూము" ఒకటుండేది గుర్తుందా, అదీ మొగుడు పక్కనుంటేనే. క్వాంగ్ టార్ట్ టీ గదుల్లో ఆడవాళ్ళు ఒక్కరే వచ్చి, కప్పు టీ తాగి, ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. ఆ మాటలు ఊరికే పోలేదు. కింగ్ స్ట్రీట్ లో ఆయనకే వున్న మరో టీశాలలో ఓటుహక్కు కోరే స్త్రీలు సభలు పెట్టుకున్నారు.

1902 జూన్ లో ఆస్ట్రేలియా కేంద్ర చట్టం స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆగస్టులో సిడ్నీ రాజధానిగా వున్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం కూడా ఇచ్చింది. మన మద్రాసు రాష్ట్రంలో ఆస్తివున్న స్త్రీలకైనా ఓటు రావడానికి 1921 దాకా ఆగవలసి వచ్చింది గనుక ఆస్ట్రేలియా అమ్మలను మెచ్చుకోవలసిందే. కాని ఆ కేంద్ర చట్టమే, అప్పటికే ఏదో రాష్ట్రంలో ఓటున్నవాళ్ళను మినహాయించి, ఆ దేశపు ఆదివాసులకూ, ఆసియా నుంచి వచ్చినవాళ్ళకూ ఓటు లేదంది. ఎవరి కప్పులో టీ తాగుతూ హక్కులు మాట్లాడుకున్నారో, ఆ మనిషి జాతివాళ్ళకు తలుపు మూశారు. అదే ఆగస్టులో ఒక దొంగ ఈ భవనంలోని ఆఫీసు గదిలోనే క్వాంగ్ టార్ట్ తల పగలగొట్టి చేతికందిన డబ్బు పట్టుకుపోయాడు. ఆయన మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. 1903 జులైలో పోయాడు.

భవనానికీ మంచిరోజులు ఎక్కువకాలం నడవలేదు. కట్టిన ఖర్చుకీ వచ్చే అద్దెకీ పొంతన కుదరలేదు. కొట్లు ఖాళీగా వుండేవి. కౌన్సిల్ కు అదొక తెల్ల ఏనుగై కూర్చుంది. 1917-18లో, లోపలి వీధివల్ల లాభం లేదని, కొట్ల ముఖాలు బయటి రోడ్డువైపు తిప్పి, లోపలి ఖాళీని నేలలు వేసి మూసేశారు. 1930లలో మిగిలిందాన్ని కూడా మార్చి విద్యుత్ శాఖకు ఆఫీసులు చేశారు. అంటే పై గాజుకప్పు నుంచి వెలుగు కిందికి దిగే దారే లేకుండా పోయింది. కరెంటు ఆఫీసు గనుక దీపాలకు లోటుండదనుకున్నారో ఏమో! మన ఊళ్ళలో పాత మండువా లోగిలిని అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడలు లేపితే ఎలా వుంటుందో అలా తయారైంది. బయటినుంచి చూస్తే గుమ్మటాలు, లోపల ఫైళ్ళు.

ఇలాంటిదాన్ని పడగొట్టాలంటే ఎవరికి బాధ? 1959లో లార్డ్ మేయరు హారీ జెన్సన్ ఆ మాట పైకే అన్నాడు. భవనం తీసేసి పైన ఖాళీ మైదానం, భూమిలో కార్లు నిలుపుకునే చోటు. ఆయన్ని తిట్టుకోవడం ఇప్పుడు తేలిక. ఆ రోజుల్లో ఆయన మాట అభివృద్ధి మాటే. మసిబారిన రాళ్ళు, కారే కప్పు, చాలని అద్దె. విక్టోరియా కాలపు భవనాలంటే మోటు అనుకునే కాలం. కాని కాగితాలు కదలడంలో ఆలస్యం ఒక్కోసారి మేలు చేస్తుంది. పడగొడదాం, పడగొడదాం అంటుండగానే పదేళ్ళు గడిచాయి. ఈ లోపల చుట్టుపక్కల పాతవి ఒక్కొక్కటే కూలి, వాటి స్థానంలో అద్దాల పెట్టెలు లేచేసరికి జనానికి కళ్ళు తెరుచుకున్నాయి. 1971లో కౌన్సిల్ భవనాన్ని నిలుపుదామని తీర్మానించింది. 1974లో నేషనల్ ట్రస్ట్ వారు తప్పనిసరిగా కాపాడవలసినవాటి జాబితాలో చేర్చారు.

తీర్మానాలతో కప్పు కారడం ఆగదు కదా. డబ్బెవరు పెడతారు? పెట్టింది మలేషియా కంపెనీ, ఈపో గార్డెన్. ఈపో పెరక్ రాష్ట్రంలోని పట్టణం. తోటల్లో కూలికి మన తెలుగు కుటుంబాలు వలసపోయిన రాష్ట్రమే అది. ఆ సంస్థ పెద్దల్లో ఒకరు టాన్ చిన్ నామ్. 1974, 75లలో వరసగా మెల్‌బోర్న్ కప్ గెలిచిన థింక్ బిగ్ అనే గుర్రం యజమానుల్లో కూడా ఆయన ఒకడు. చైనా మనిషి టీ పోసిన చోటు మూతపడి ఎనభై ఏళ్ళు తిరిగాక మళ్ళీ చైనా మూలాలున్న మనిషే దాన్ని లేపడానికి ముందుకు రావడం నాకు కథలా వుంది. ఒప్పందం ఏమిటంటే, స్థలం, భవనం నగరానివే. మరమ్మత్తు కంపెనీది, 99 ఏళ్ళ లీజు కంపెనీది. అందుకైన ఖర్చు సుమారు 8 కోట్ల 60 లక్షల డాలర్లు.

అసలు పని ఏమిటంటే తీయడం. మధ్యలో వేసిన నేలలు కోసి తీశారు, ఆఫీసు గోడలు తీశారు. వెలుగు మళ్ళీ పైనుంచి కింది అంతస్తు దాకా దిగింది. మెట్లు, గచ్చుపలకలు, ఇనప కటకటాలు చాలావరకు ఎప్పుడో పోయాయి. మిగిలిన ముక్కలూ, పాత ఫోటోలూ చూసి కొత్తవి పోతపోశారు. పక్కనున్న యార్క్ వీధి కింద కార్లకు చోటు తవ్వారు. చూశారా, కార్ల గొయ్యి తప్పలేదు గాని భవనం బతికింది! 1986 నవంబరులో తలుపులు తెరిచారు. లోపలున్నదాంట్లో అసలు పాతదెంత, పాతదానిలా చేసిన కొత్తదెంత అని పెదవి విరిచేవాళ్ళున్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం. కాని అమ్మమ్మ కాసులపేరు తెగిపోతే మిగిలిన కాసులకు నాలుగు కొత్తవి చేర్చి గుచ్చించుకుంటాం. అది అమ్మమ్మ పేరు కాదంటామా? ఏమాటకామాట చెప్పాలి, భవనాన్ని ఆదుకున్నది దాని అందం ఒక్కటే కాదు. అందం 1959లోనూ వుంది. దాన్ని కొట్లకు అద్దెకివ్వచ్చని ఎవరో లెక్కకట్టి చూపించాక గాని అందరికీ అందం కనబడలేదు.

భవనానికి రాణి పేరుంది గాని వాకిట్లో చెప్పుకోదగ్గ రాణి విగ్రహం లేదు. కొత్తది చేయించే బదులు పాతదాని కోసం దేశదేశాలు వెతికారు. ఐర్లండులో దొరికింది. జాన్ హ్యూస్ చేసిన కంచు విగ్రహం. 1908లో డబ్లిన్ లో నిలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ముఖం చూడ్డం ఐర్లండు వారికి కంటగింపై 1948లో దించేసి ఎక్కడెక్కడో మూలపడేశారు. మన ఊళ్ళలో తెల్లదొరల విగ్రహాలకు పట్టిన గతే. ఆవిడను ఓడలెక్కించి తెచ్చి 1987 డిసెంబరులో సిడ్నీలో కూర్చోబెట్టారు. ఒకరికి వద్దయిన విగ్రహం మరొకరి గుమ్మానికి శోభ అయింది. పక్కనే ఆవిడ పెంపుడుకుక్క ఐలే బొమ్మ. చెవిటి, గుడ్డి పిల్లల కోసం చిల్లర వేయమని అది మాట్లాడుతుంది. మా వదినగారు సిడ్నీ వెళ్ళొచ్చి, రాణిగారికంటే కుక్క దగ్గరే జనం ఎక్కువని చెప్పారు.

లోపల రెండు పెద్ద గడియారాలు వేలాడతాయి. ఒకదాంట్లో ఇంగ్లండు రాజుల ఘట్టాలు బొమ్మలుగా తిరిగి, చివర మొదటి చార్లెస్ తల నరకడంతో ముగుస్తాయి. పిల్లలు దానికోసమే కాచుక్కూర్చుంటారట. రెండోది ఆస్ట్రేలియా చరిత్ర గడియారం, ఎత్తు 10 మీటర్లు, బరువు నాలుగు టన్నులు. ఆదివాసుల కథ, తెల్లవాళ్ళ కథ రెండూ అందులో వున్నాయి. క్రిస్మస్ కు అంతస్తులన్నిటి మధ్యనుంచి దీపాల చెట్టు వేలాడదీస్తారు. 2006లో మరోసారి మరమ్మత్తు మొదలుపెట్టి 4 కోట్ల 80 లక్షల డాలర్లు పోసి 2009 ఆగస్టులో ముగించారు. రంగులు బాగులేవని, కొత్త ఎస్కలేటర్లు భవనానికి నప్పలేదని ఊరంతా సణిగింది. పోట్లాడుకునేంత మమకారం మిగిలిందంటే భవనానికి అంతకన్నా ఏం కావాలి?

గుమ్మటం దగ్గర ఒక ఉత్తరం వుంది. 1986లో ఎలిజబెత్ రాణి స్వహస్తాలతో రాసి సీలు వేయించింది. 2085లో ఒక మంచిరోజు చూసి, అప్పటి లార్డ్ మేయరు దాన్ని విప్పి సిడ్నీ ప్రజలకు చదివి వినిపించాలట. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. రాసినావిడ 2022లో వెళ్ళిపోయారు. మా వదినగారి మనవరాలు అక్కడే పుట్టింది. దానికప్పటికి డెబ్బై దాటతాయి. వెళ్ళి విని రమ్మని ఇప్పటినుంచే చెబుతున్నారు ఆవిడ.