అపరిచితుల జట్టు: ఆన్‌లైన్ షూటర్ ఆటలలో సహకార చరిత్ర

ఆన్‌లైన్ షూటర్ ఆటలో ఒక పోటీ చాలావరకు గంటలోపే ముగిసిపోతుంది. ఒకే జట్టులో చేరిన ఐదుగురికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఊరు తెలియదు, ముఖం కనబడదు, కొన్నిసార్లు భాష కూడా కలవదు. పోటీ అయిపోయాక వాళ్ళు మళ్ళీ కలుసుకోకపోవచ్చు. అయినా ఆ కాస్త సమయంలో ఒకరు ముందడుగు వేస్తే ఇంకొకరు వెనుక కాపు కాస్తారు, మూడోవారు గాయపడినవారిని లేపి నిలబెడతారు. ఈ ఆటలను చేతివేగానికి, హింసకు సంబంధించినవిగా మాత్రమే చూసేవారికి ఈ సహకారం కనబడదు. చూసినవారు దాన్ని ఆటగాళ్ళ మంచితనం ఖాతాలో వేస్తారు. యాభయ్యేళ్ళ చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. అపరిచితుల మధ్య సహకారాన్ని సాధ్యం చేసినవి ఆటలో అమర్చిన పరికరాలు. జట్టులోకి ఎవరు రావాలో, ఎవరు గుమ్మం బయటే నిలబడిపోవాలో నిర్ణయించినవి కూడా ఆ పరికరాలే.

ఈ తరహా ఆటలలో తొలితరానికి చెందిన ‘మేజ్ వార్’ 1973లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. చిట్టడవిలాంటి దారుల్లో తిరుగుతూ ఎదురుపడినవారిని కాల్చడమే ఆట. అందులో జట్లన్న ఆలోచన లేదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’ నలుగురు కలిసి ఆడే వీలు కల్పించింది. కాని ఆ నలుగురూ ఎక్కువగా ఒకే ఆఫీసులోనో, ఒకే విద్యార్థి వసతిగృహంలోనో కంప్యూటర్లను తీగలతో కలుపుకున్న స్నేహితులు. సాయం కావాలంటే పక్క కుర్చీ వైపు తిరిగి అడిగితే సరిపోయేది. 1996లో ‘క్వేక్’, దానికి ఇంటర్నెట్ కోసం ప్రత్యేకంగా రూపొందించిన ‘క్వేక్‌వరల్డ్’ వచ్చాకే వేర్వేరు నగరాలలో ఉన్న అపరిచితులు ఒకే సర్వర్‌లో చేరడం మామూలు విషయమైంది. అప్పుడు అసలు ప్రశ్న ఎదురైంది: అవతలివాడు ఎవరో తెలియనప్పుడు అతన్ని నమ్మడం ఎలా?

మొదటి సమాధానం పాత్రల విభజన. అదే 1996లో రాబిన్ వాకర్, జాన్ కుక్ తదితర ఆస్ట్రేలియా యువకులు క్వేక్‌ను మార్చి ‘టీమ్ ఫోర్ట్రెస్’ తయారు చేశారు. అందులో అందరూ ఒకేలాంటి సైనికులు కారు. దూరం నుంచి గురిపెట్టేవాడు ఒకడు, యంత్రాలు కట్టేవాడు ఒకడు, గాయాలు మాన్పే వైద్యుడు ఒకడు. ఒక పాత్రను ఎంచుకున్న క్షణంలోనే ఆటగాడు తన పని ఏమిటో మిగిలినవారికి చెప్పేసినట్టే. ఆ వైద్యుడి వెనుక ఉన్న మనిషి ఎవరైనా కావచ్చు, అతడి నుంచి ఏమి ఆశించాలో మాత్రం జట్టుకు తెలుసు. కాకతాళీయంగా అదే సంవత్సరం డెబ్రా మేయర్సన్, కార్ల్ వైక్, రోడరిక్ క్రేమర్ అనే పరిశోధకులు తాత్కాలిక బృందాలలో కుదిరే ‘సత్వర విశ్వాసం’ గురించి రాశారు. పరిచయం పెంచుకునే వ్యవధి లేనప్పుడు మనుషులు వ్యక్తి కంటే ముందు అతడి పాత్రను నమ్ముతారన్నది వారి వాదనలో ముఖ్యాంశం. ఆ సిద్ధాంతం సంగతి తెలియకుండానే ఆటల రూపకర్తలు ఆ సూత్రాన్నే ఆచరణలో పెట్టారు.

రెండవ సమాధానం ఉమ్మడి మాట. మిన్ లే, జెస్ క్లిఫ్ రూపొందించిన ‘కౌంటర్-స్ట్రైక్’ తొలి రూపం 1999 జూన్‌లో వెలువడింది. చనిపోయిన ఆటగాడు ఆ రౌండు ముగిసేదాకా ఊరకే చూస్తూ ఉండాలి. రౌండు గెలిస్తే వచ్చే డబ్బు జట్టులో అందరికీ దక్కుతుంది. ఒకడి తొందరపాటు మిగతా నలుగురికీ నష్టం కాబట్టి సమాచారం విలువ పెరిగింది. ‘శత్రువు కనబడ్డాడు’, ‘సాయం కావాలి’ వంటి సిద్ధంగా ఉన్న రేడియో సందేశాలను రెండు మీటలు నొక్కి పంపవచ్చు. ఆటస్థలంలోని ప్రతి మలుపుకూ, ప్రతి గోడకూ ఆటగాళ్ళే పొట్టి పేర్లు పెట్టుకున్నారు. ఊళ్ళో చింతచెట్టు దగ్గర అంటే అందరికీ ఎలా అర్థమవుతుందో, ఆ పేర్లూ అలాగే పనిచేశాయి.

మూడవది గొంతు. 2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్‌ను ప్రారంభించినప్పుడు చందాదారుల పెట్టెలో హెడ్‌సెట్ కూడా పెట్టింది. 2004లో వచ్చిన ‘హేలో 2’ నైపుణ్యాన్ని బట్టి ఆటగాళ్ళను తానే జతపరచసాగింది. అంతకుముందు కంప్యూటరు ఆటలలో సర్వర్‌ను ఎంచుకునే పద్ధతి ఉండేది. రోజూ అదే సర్వర్‌కు వచ్చేవారు టీకొట్టు దగ్గర చేరేవారిలా క్రమంగా పరిచయస్థులయ్యేవారు. తప్పుగా ప్రవర్తించినవాణ్ణి నిర్వాహకుడు పంపించేసేవాడు. యంత్రం జతపరచడం మొదలయ్యాక సరిజోడు దొరకడం సులువైంది. కాని ప్రతిసారీ కొత్త ముఖాలే కావడంతో మర్యాద తప్పినవాడికి రేపటి భయం తగ్గింది.

ఈ మార్పుకు చెల్లించిన మూల్యం పరిశోధనలలో నమోదైంది. జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ ‘హేలో 3’ పోటీలలో ముందే రికార్డు చేసిన పురుష స్వరాన్ని, స్త్రీ స్వరాన్ని వినిపించారు. కొన్ని పోటీలలో ఏ స్వరమూ లేకుండా ఆడారు. పురుష స్వరంతో గాని, మౌనంతో గాని పోలిస్తే స్త్రీ స్వరానికి ఎదురైన ప్రతికూల వ్యాఖ్యలు మూడు రెట్లు. గొంతు సమాచారాన్ని మోసుకుపోతుంది, దానితోపాటు మాట్లాడేవారి లింగాన్ని, వయసును, యాసను కూడా బయటపెడుతుంది. పరదేశంలో ఫోనెత్తి మొదటి వాక్యం పలకగానే అవతలి స్వరం మారిపోవడం ఎరిగిన ప్రవాసులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మైక్ ఆపేసుకున్న ఆటగాడు అవమానాన్ని తప్పించుకుంటాడు, జట్టు మాత్రం అతని కళ్ళు చూసినదాన్ని కోల్పోతుంది.

ఈ చిక్కుకు ఒక జవాబు 2019 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఏపెక్స్ లెజెండ్స్’లో దొరికింది. ముగ్గురేసి సభ్యుల జట్లు పోటీపడే ఈ ఆటలో ఒక వస్తువు వైపు గురిపెట్టి మీట నొక్కితే, అది శత్రువా, ఆయుధమా, వెళ్ళవలసిన దారా అన్నది గ్రహించి ఆట తగిన గుర్తును జట్టుకు చూపిస్తుంది, పాత్ర చేత ఆ మాట పలికిస్తుంది. దీన్నే పింగ్ అంటారు. గుర్తులు పెట్టే పద్ధతి అంతకుముందు కొన్ని ఆటలలో లేకపోలేదు. దాన్ని దాదాపు పూర్తి భాషగా తీర్చిదిద్దడం ఇక్కడి విశేషం. మైక్ లేనివారు, వినలేనివారు, వేరే భాష మాట్లాడేవారు, గొంతు వినిపించడానికి జంకేవారు సమానంగా జట్టులోకి వచ్చారు. 2021 ఆగస్టులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఈ పద్ధతిపై తన పేటెంటును, అందుబాటుకు సంబంధించిన మరికొన్నింటితో కలిపి, ఇతర సంస్థలు ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది.

ఆటలకు బయట కూడా అపరిచితుల జట్లు ఉన్నాయి. పెద్ద ఆసుపత్రి శస్త్రచికిత్స గదిలో సర్జను, మత్తు వైద్యుడు, నర్సులు ఆ ఉదయమే మొదటిసారి కలిసినవారు కావచ్చు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన 19 అంశాల భద్రతా జాబితాలో, కోతకు ముందు బృంద సభ్యులందరూ తమ పేరు, పాత్ర చెప్పుకోవడం ఒక అంశం. ఎనిమిది నగరాల ఆసుపత్రులలో జాబితాను అమలుచేశాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. 2014లో కెనడాలోని ఆంటారియో రాష్ట్ర ఆసుపత్రుల అనుభవంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గడులలో టిక్కు పెట్టడం వేరు, నిజంగా ఒకరికొకరు చెప్పుకోవడం వేరు అన్న చర్చ అప్పుడే బలపడింది.

ఆటలకూ ఇదే వర్తిస్తుంది. పాత్ర, ఉమ్మడి మాట, పింగ్ అపరిచితులకు దారి వేస్తాయి, నడవడం వారి వంతు. గుర్తు చూసి కూడా పట్టించుకోని సహచరుణ్ణి ఏ మీటా మార్చలేదు. అయినా దారి లేనిచోట మంచివాడు కూడా ఒంటరిగానే ఆడతాడు. ఒక జట్టు విఫలమైనప్పుడు దానిలోని మనుషులను నిందించడానికి ముందు, వారికి మాట్లాడుకునే సాధనం ఇచ్చామా, ఆ సాధనం అందరికీ అందుతున్నదా అని అడగడం న్యాయం.