గడప దాటడానికి ఓ చీర

ఆమధ్య మా మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్ళాను. పిల్ల బాగా చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, ఒక్కతే విమానాలెక్కి దేశాలు తిరిగొచ్చింది. చీర కట్టుకోవడం మాత్రం రాదు. "అత్తయ్యా, నువ్వే దిక్కు" అంటూ గద్వాల చీర నా చేతిలో పెట్టి బొమ్మలా నిలబడింది. నేను కుచ్చెళ్ళు పోస్తూంటే ఊరుకుంటుందా? "ఇంత బట్టని ఇలా మడతలు పెట్టి దోపుకోమని ఎవరు కనిపెట్టారత్తయ్యా?" అంది.

"మీ నాయనమ్మనడుగు" అన్నాను, నోట్లో పిన్నీసుండగా.

మంచం మీద కూర్చుని పసుపు కొమ్ములు దారానికి కడుతున్న మా అమ్మ తలెత్తింది. "నేనేం కనిపెట్టాను తల్లీ! మా అమ్మ చివరిదాకా గోచీ పోసే కట్టింది. నేనూ అంతే. కాపురానికొచ్చాక మీ తాతయ్య పట్నం వెళ్ళొస్తూ రెండు లోపావడాలు కుట్టించుకొచ్చారు. ఇవి వేసుకుని కట్టు, ఆఫీసర్ల ఇళ్ళకి వెళ్ళాలి అన్నారు. నెలరోజులు సిగ్గుతో చచ్చాననుకో!"

నేనామెకి కూతుర్ని. యాభై ఏళ్ళ సంసారంలో ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. మా నాన్నగారు లోపావడాలు కుట్టించుకురావడమేమిటి! కూరగాయల సంచీ పట్టుకోవడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే కలకత్తాలోని మరో భర్త, మరో భార్య గుర్తొచ్చారు. వాళ్ళ కథ ఎప్పుడో చదివాను. అమ్మ మాటతో దానికి కొత్త అర్థం తట్టింది.

ఆ భర్త సత్యేంద్రనాథ్ ఠాగూర్. రవీంద్రుడికి రెండో అన్నగారు, 1842లో పుట్టాడు. ఐ.సి.యస్. పరీక్ష నెగ్గిన మొట్టమొదటి భారతీయుడు. ఆ భార్య జ్ఞానదానందిని. జెస్సోరు జిల్లా పల్లెటూరి పిల్ల, 1850లో పుట్టింది. ఏడెనిమిదేళ్ళకే పెళ్ళి చేసి జొరాసంకోలోని ఆ పెద్ద మేడకి తీసుకొచ్చారు.

మేడ అంటే మనం ముచ్చటపడతాం గానీ, దాని కట్టుబడే ఆడవాళ్ళకి సంకెల. బయటి భాగం మగవాళ్ళది: కచేరీ సావిడి, వచ్చేపోయే పెద్దమనుషులు, పాటలు, కుర్చీలు, దీపాల గుత్తులు. లోపలి భాగం ఆడవాళ్ళది: వంట, పిల్లలు, పైన ఆరుబయటి డాబా. ఆడవాళ్ళు గంగాస్నానానికి వెళ్ళినా పల్లకీ తలుపులు తీసేవారు కాదట. పల్లకీతో సహా నీళ్ళలో ముంచి తీసుకొచ్చేవారు! ఇక కట్టుకునే బట్ట, ఒంటి చీర. లోపల రవికా లేదు, పావడా లేదు. పల్చటి నేత చీర ఒంటికి చుట్టుకుని, ముసుగు దించుకుని తిరగడం. ఆ బట్టతో ఆ గదుల్లో తిరగొచ్చు, పరాయి మనిషి ఎదటికి రాలేరు. గోడలు లేకపోయినా ఆ చీరే ఆమెని లోపల ఉంచేసేది. ఇల్లూ చీరా కూడబలుక్కుని కట్టినట్టే ఉంటాయి.

సత్యేంద్రనాథుడికి ఇది మొదట్నించీ కంటగింపే. అతని స్నేహితుడు మనమోహన్ ఘోష్‌కి ఓసారి మిత్రుడి భార్యని చూడాలనిపించింది. లోపలికి పరాయి మగవాణ్ణి రానిస్తారా? ఇద్దరూ చీకట్లో ఒకే మనిషి నడుస్తున్నట్టు అడుగులో అడుగు కలిపి నడిచి, గదిలోకి చేరారు. స్నేహితుణ్ణి దోమతెరలోకి తోసి, ఈయన బయట ఉండిపోయాడు. లోపల ఆ పిల్ల ముసుగేసుకుని ఓ మూల, ఆ కుర్రాడు తల వంచుకుని ఓ మూల. ఇద్దరి నోటా మాట లేదు! కాసేపటికి ఎలా వచ్చారో అలాగే అడుగులు కలుపుకుని వెళ్ళిపోయారు. ఈ ముచ్చట తర్వాత ఆవిడే చెప్పింది. అప్పటికామెకి పన్నెండేళ్ళు కూడా సరిగా నిండలేదు. చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత ఆ ముసుగులోని పిల్ల గుండె ఎంతలా కొట్టుకుని ఉంటుందో అనిపించి నవ్వు ఆగిపోయింది. ఆమెని అడిగారా ఎవరైనా?

1862లో ఆయన ఇంగ్లండు వెళ్ళాడు. అక్కణ్ణించి భార్యకి ఉత్తరాలు రాసేవాడు. నువ్వు ఎదిగి, చదువుకుని, అన్నివిధాలా వికసించినప్పుడే మనం భార్యాభర్తలమవుదాం అన్న అర్థంలో కూడా ఒకటి రాశాడు. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు అలా రాయడం మామూలు సంగతి కాదు. ఆమెని ఇంగ్లండు పంపమని తండ్రి దేవేంద్రనాథుణ్ణి అడిగితే ఆయన ఒప్పుకోలేదు. మరిది హేమేంద్రనాథుడు ఇంట్లో ఆడవాళ్ళకి పాఠాలు చెప్పేవాడు. వదినగారు ముసుగు వేసుకునే చదువుకునేది.

1864లో ఆయన పరీక్ష నెగ్గి తిరిగొచ్చాడు. ఉద్యోగం బొంబాయి రాష్ట్రంలో. భార్యని వెంట తీసుకెళతానన్నాడు. మామగారు దానికి ఒప్పుకున్నారు గానీ, కోడలు బయటి వాకిట్లోంచి నడిచి వెళ్ళి బండెక్కడానికి మాత్రం వీల్లేదన్నారు. పల్లకీలోనే ఓడ దాకా వెళ్ళింది. అసలు చిక్కు బట్టలతో వచ్చింది. ఒంటి చీరతో ఓడెక్కడమెలా? కలకత్తాలోని ఓ ఫ్రెంచి దుకాణంలో "ప్రాచ్యదేశపు దుస్తులు" అంటూ ఏదో కుట్టించారు. ఆ బట్టలు తనంతట తాను తొడుక్కోవడం ఆవిడవల్ల కాలేదు, భర్త సాయం పట్టవలసి వచ్చింది. గది తలుపులు మూసుకుని, ఐ.సి.యస్. ఆఫీసరుగారు ఆ గుండీలూ ముడులూ వెతుక్కుంటూ ఉండే దృశ్యం తలుచుకోండి! నాకు మా నాన్నగారి లోపావడాల మూట గుర్తొచ్చింది ఇక్కడే.

బొంబాయిలో వాళ్ళు దిగింది మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్శీ పెద్దమనిషి ఇంట్లో. 1863లో ఆడపిల్లల కోసం అలెగ్జాండ్రా బడి పెట్టినాయన ఈయనే. ఆయన కూతుళ్ళు మగవాళ్ళతో కలిసి బల్ల దగ్గర భోంచేసేవారు, అతిథులతో మాట్లాడేవారు. జ్ఞానదానందిని వాళ్ళ చీరకట్టు చూసింది. లోపల పావడా, పైన రవిక, దానిమీద పొందికగా చీర. పార్శీలు కుడి భుజం మీదుగా చెంగు ముందుకు తెచ్చుకుంటారు. ఆవిడ దాన్ని ఎడమ భుజం మీదికి మార్చుకుందనీ, కుడిచెయ్యి పనికీ పలకరింపుకీ స్వేచ్ఛగా ఉండటానికే అలా చేసిందనీ చెబుతారు. ఫ్రెంచి దుకాణం బట్టలు మూలపడ్డాయి. కలకత్తా తిరిగొచ్చాక, ఈ కట్టు నేర్చుకోవాలనుకునే వాళ్ళకి నేర్పుతానని "బామాబోధినీ" పత్రికలో ప్రకటన కూడా ఇచ్చిందట. బ్రహ్మసమాజం ఇళ్ళ ఆడవాళ్ళు ముందుగా అందుకున్నారు కనక దానికి "బ్రాహ్మిక చీర" అని పేరొచ్చింది.

ఇక్కడో మాట. ఈమధ్య కొందరు "మనం కట్టుకునే చీర అంతా జ్ఞానదానందిని కనిపెట్టినదే" అని రాసేస్తున్నారు. అంత తొందర వద్దు. కుచ్చెళ్ళు, ఎడమ పైట, రవిక దక్షిణాదిలో ఎవరో వచ్చి నేర్పవలసినవి కావు. మా అమ్మమ్మ గోచీకట్టుకీ కలకత్తాకీ సంబంధమే లేదు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి, పావడా రవికల మీద నిండుగా చీర కట్టిన లక్ష్మినీ సరస్వతినీ ఊరూరికీ పంపాడు. మన ఇళ్ళల్లో ఆ పటాలు దేవుడి గూటి పక్కన వేలాడేవి. వాటికి దణ్ణం పెట్టుకున్న ఆడవాళ్ళు ఆ కట్టుని కూడా కాస్త గమనించే ఉంటారు. ఆవిడ చేసింది వేరు. వంగదేశపు ఆడది గదిలోంచి సావిట్లోకి, సావిట్లోంచి వీధిలోకి వెళ్ళడానికి కావలసిన బట్టని నాలుగుచోట్లనించీ తెచ్చి ఒక్కటిగా కూర్చింది. తన అవసరం కొద్దీ కూర్చుకుంది.

అదే ఇంట్లో మరిది జ్యోతిరింద్రనాథుడు మగవాళ్ళకి జాతీయ దుస్తులు తయారుచేయబోయాడు. ధోవతీ పనికి అడ్డం, పైజమా పరాయిది. కనక పైజమా కుట్టించి దానికి ధోవతీ మడత ఒకటి అతికించాడు! తలకి తలపాగానీ దొరల టోపీనీ కలిపి మరోటి. పట్టపగలు అవి తొడుక్కుని, నౌకర్లూ చుట్టాలూ నోళ్ళు తెరుచుకు చూస్తుంటే బండెక్కి వెళ్ళేవాడట. రవీంద్రుడు తన జ్ఞాపకాల్లో ఎంతో ప్రేమగా, ఎంతో వేళాకోళంగా రాశాడు ఈ సంగతి. రెండోవాడెవడూ వాటిని తొడుక్కోలేదు. దేశమంతటికీ సరిపోయేటట్టు ఆలోచించాడాయన. వదినగారు ఓ మేడమెట్లు దిగడం గురించి ఆలోచించింది.

1866లో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఆమె పల్లకీలో రాలేదు, బండిలో వచ్చి అందరి ఎదటా దిగింది. ఇంటి ఇల్లాళ్ళు గొల్లుమన్నారు. ఆ ఏడాది చివర వైస్రాయి లారెన్స్ దొర ఇచ్చిన విందుకి కూడా వెళ్ళింది. అంతమంది దొరసానుల మధ్య ఒక్కతే వంగ వనిత. భోపాల్ బేగం కాబోలని కొందరు అనుకున్నారట. బంధువైన ప్రసన్నకుమార్ ఠాగూర్ మాత్రం, తమ ఇంటి కోడల్ని నలుగురిలో చూసి సిగ్గుతో లేచి వెళ్ళిపోయాడు. బంధువుల్లో కొందరి మధ్య రాకపోకలు కూడా చెడ్డాయి. ఓ చీర కట్టుకు ఎంత ఖరీదు!

1877లో జరిగింది దీనికంటే పెద్దది. భర్తకి సెలవు దొరకలేదు. ముగ్గురు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని, కడుపుతో ఉండి, మగతోడు లేకుండా ఇంగ్లండు ఓడెక్కిందావిడ. మరుసటేడు సత్యేంద్రుడు తమ్ముడు రవీంద్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేదాకా బ్రైటన్‌లో ఆ చలిలో ఇల్లు నడుపుకొచ్చింది. అక్కడే ఇద్దరు పసివాళ్ళని పోగొట్టుకుంది. ఎప్పుడో పన్నెండేళ్ళప్పుడు దోమతెరలో నోరెత్తని పిల్లకి ఇది ఎవరు నేర్పారు? భర్తే నేర్పాడని పుస్తకాలంటాయి. కొంత నిజం. కానీ గది తలుపు తెరిచినంత మాత్రాన ఎవరైనా అంతదూరం నడుస్తారా?

1880లో తిరిగొచ్చాక ఆమె జొరాసంకోలో కాపురం పెట్టలేదు. విడిగా ఇల్లు తీసుకుంది. ఆ ఇంట్లో లోపలి మహలూ బయటి మహలూ అన్న తేడా లేదు. భర్త ఎక్కడ కూర్చుంటే భార్యా అక్కడే, వచ్చినవాళ్ళూ అక్కడే. పిల్లల పుట్టినరోజులు చేయడం కూడా ఆవిడే మొదలుపెట్టింది. 1885లో "బాలక్" అని పిల్లల పత్రిక నడిపింది. ఇప్పుడు మనం సోఫా ఎటు జరపాలి, కర్టెన్లు ఏ రంగువి అని ఆదివారం పూట భర్తతో వాదులాడుకుంటాం చూశారూ, ఆ వాదులాటకి ముందు అతను, ఆమె కలిసి కూర్చునే ఓ గదంటూ ఉండాలి కదా. ఆ గది కోసం ఆవిడ అత్తగారిల్లు వదిలింది.

ఇల్లు అందంగా ఉంటే చాలదనడానికి అదే కుటుంబంలో మరో జంట ఉంది. జాతీయ దుస్తుల జ్యోతిరింద్రుడి భార్య కాదంబరి. జొరాసంకో డాబా మీద కుండీలు పేర్చి పూలతోట చేసిందామె. సాయంత్రాలు చాపలు, బాలీసులు వేయించి, వెండి పళ్ళెంలో తడిగుడ్డ మీద మల్లెదండలు, చల్లటి నీళ్ళు, తాంబూలం అమర్చి, స్నానం చేసి జడ వేసుకుని వచ్చి కూర్చునేదని రవీంద్రుడు ముసలితనంలో తలుచుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ గుర్రాలెక్కి మైదానంలో షికారు కూడా చేసేవారు. ఆధునిక దాంపత్యమంటే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. 1884 ఏప్రిల్‌లో, పాతికేళ్ళకే, ఆమె ప్రాణం తీసుకుంది. ఎందుకో ఊహిస్తూ బోలెడు పుస్తకాలొచ్చాయి. నేనా వరసలో చేరదలుచుకోలేదు. పిల్లలు లేరు, భర్త వ్యాపకాలతో రాత్రిళ్ళు బయటే ఎక్కువ గడిపేవాడంటారు. డాబా మీద పూలకుండీలు ఎన్నున్నా, ఆ మెట్లు దిగి ఆమె వెళ్ళవలసిన చోటంటూ ఒకటీ ఉన్నట్టు లేదు.

జ్ఞానదానందిని కూతురు ఇందిర. తల్లికి పాఠాలూ పెళ్ళీ ఏ వయసులో జరిగాయో చెప్పానుగా. ఈమె విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివింది, ఫ్రెంచి నేర్చింది. 1899లో, పాతికేళ్ళు నిండాక, రచయిత ప్రమథ చౌధురిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఏ దోమతెరలోనూ ఎవరూ ఎవర్నీ తోయలేదు!

మర్నాడు పొద్దున్నే ఇదంతా అమ్మకి చెప్పాను. దోమతెర ముచ్చటకి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "మరి నువ్వు నెలరోజులు సిగ్గుపడ్డానన్నావు, తర్వాతో?" అనడిగాను.

"తర్వాతేముంది! నాకు హాయిగానే అనిపించింది. మీ నాన్నని అడక్కుండానే ఇంకో నాలుగు కుట్టించుకున్నాను. రాళ్ళబావి దాకా ఒక్కదాన్నే నడిచెళ్ళి మరీ గుడ్డ బేరమాడాను. అప్పటిదాకా వీధి మొగమే చూడలేదు."

ఇంతలో పక్కగదిలోంచి మా మేనకోడలు అరిచింది. ఆ రోజు పెళ్ళివారింటికి భోజనానికి వెళ్ళాలి. గంజి పెట్టిన మంగళగిరి చీర తనే కట్టుకుంటానని పంతం పట్టింది. తలుపు తీసి చూద్దును కదా, కాబోయే పెళ్ళికొడుకు తొందరగా వచ్చేసి, ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద మోకాళ్ళు ఆన్చి కూర్చుని, కుచ్చెళ్ళ అంచులు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"వదలకు, వదలకు! జారిపోతాయి!" అంది పిల్ల.

నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.